కుందుర్పికి అమ్మని పాట

ఆ రోజుల్లో నచ్చిన పాట మళ్ళీ వినాలంటే అది వచ్చేదాకా కాచుకుని కూర్చోవాలి, వాన కోసం కూర్చున్నట్టే. మా కుందుర్పిలో వానకు కాచుకోవడం అందరికీ అలవాటే కాబట్టి, పాటకు కాచుకోవడం పెద్ద కష్టమనిపించేది కాదు. ఒక సాయంత్రం మా రేడియోలో ఏదో విదేశీ స్టేషను తగిలి, గరగరల మధ్య నుంచి ఒక వయొలిన్ పాట తేలివచ్చింది. వేరుశనక్కాయలు ఒలుస్తున్న మా నాయన చేతులు ఆపి, "ఒరే, ఈ పాటలో వాన పడతాండాది గదరా!" అన్నాడు. (సినిమా పాటకు కూడా తలెత్తని మనిషి!) చివర్లో చెప్పిన పేరు అరచేతి మీద రాసుకున్నాను.

తర్వాత నాకు అనంతపురంలో కంప్యూటర్లు నేర్పే ఉద్యోగం వచ్చింది, జేబులోకి కొత్తగా బ్యాంకు కార్డూ చేరింది. ఇంటర్నెట్‌లో పాటలు అమ్ముతారని విన్నప్పటి నుంచి ఆ పాటను నాయనకు కొనిపెట్టాలని ఒకటే కల. విత్తనాల కోసం ఆయన టౌనుకొచ్చిన శనివారం ఇంటర్నెట్ సెంటరుకు తీసుకుపోయి, పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాను. పాట దొరికింది. అర నిమిషం రుచి కూడా చూపించారు. తీరా కొనబోతే, మీ దేశంలో ఇది అమ్మబోమని తెర మీద వచ్చింది.

"ఏమంటాండారు రా?"

"మనకు అమ్మరంట నాయనా."

"దుడ్లిస్తామని చెప్పినావా?"

నేనూ తగ్గలేదు. దేశం దగ్గర మనది తీసేసి నార్వే అని పెట్టాను. కింద చిరునామాలో మాత్రం (అబద్ధం ఒకటి చాలనుకున్నానేమో) కుందుర్పి, వయా కళ్యాణదుర్గం అని నిజాయితీగా రాశాను. నార్వేలో కుందుర్పి ఉందంటే వాళ్ళు ఒప్పుకున్నారు గానీ, నా కార్డు మన దేశానిదని చూసి మళ్ళీ మొహం తిప్పుకున్నారు.

సెంటరు నడిపే అన్నకు మా మీద జాలేసింది. "ఏమప్పా, ఊరికే దొరికేదానికి ఇన్ని అగచాట్లా? సీడీలో ఎక్కించిస్తా, తీస్కపో."

"వాయించినాయప్పకు ఏమన్నా ముడుతుందా?" అని అడిగాడు నాయన.

"ఆయప్పకేం ముడుతుంది పెద్దాయనా! యాడుండాడో ఏమో."

"అట్లయితే వద్దులే," అని నాయన లేచాడు. తాను పండించిన కాయలకు ఎవరో ధర చెబుతుంటే మండీలో ఏళ్ళ తరబడి నిలబడి వచ్చిన మనిషి మరి.

విత్తనాల మూట కాళ్ళ దగ్గర పెట్టుకుని ఇద్దరం ఊరి బస్సెక్కాం. కళ్యాణదుర్గం దాటాక, కిటికీ బయట ఎర్రటి చేలు నిద్రలో నడుస్తున్నట్టు వెనక్కి పోతుంటే, నాయన మెల్లగా "నీకు వచ్చినంత పాడు రా" అన్నాడు. మాటల్లేని పాటాయె! కళ్ళు మూసుకుని, ముక్కుతో కొంత, గొంతుతో కొంత లాగించాను.

కండక్టరు దగ్గరికొచ్చి, "ఏమన్నా, కడుపునొప్పా?" అని అడిగాడు.

"గమ్మునుండప్పా, విననీ," అన్నాడు నాయన.

మధ్యలో ఒకచోట రాగం మరిచిపోయి, నాకు తోచినట్టు ఒక మలుపు తిప్పాను. నాయనకు అదే నచ్చింది. "ఆడ ఇంగోసారి" అన్నాడు.

ఇప్పుడా పాట నా ఫోన్లో ఉంది, నిజంగా కొన్నదే. ఆ మలుపు దగ్గరికి రాగానే వయొలిన్ తన దారిన తాను తిన్నగా వెళ్ళిపోతుంది. వెంట కూనిరాగం తీస్తున్న నేను మాత్రం అక్కడ పక్కకు తిరిగిపోతాను, బస్సంతా తన వైపే చూస్తున్నా మూలుగు ఆపని అప్పటి నాలోని కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ.