రెండు గోడల మధ్య చోటు

బట్టల ఫ్యాక్టరీలో అందరూ ఆమెను ఇస్త్రీ వదిన అంటారు. పెళ్లయిన ఏడాది పట్టిన ఇస్త్రీపెట్టెను జుట్టు నెరిసినా వదల్లేదు. కుట్టేవాళ్లకు స్టూళ్లుంటాయి. ఇస్త్రీకి మాత్రం పొద్దస్తమానం నిలువుకాళ్ల కొలువే. ఆమె పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బిపోయాయి.

వదినకున్న సుఖమల్లా మధ్యాహ్నం ఇంటర్వెల్. రెండు షెడ్ల నడుమ కాళ్లు చాపుకునేంత సందు ఉంది. బెల్లు మోగగానే ఆడవాళ్లంతా అక్కడ చేరి, ఒక గోడకు వీపు ఆనించి, ఎదుటి గోడకు పాదాలు తన్నిపెట్టి, మొగుళ్లందరినీ ఉతికి ఆరేసేవారు. ఇస్త్రీ మాత్రం వదినే చేసేది.

ఆ సందులో అట్టపెట్టెలు సర్దుతామని సూపర్‌వైజర్ ఒకరోజు చల్లగా చెప్పాడు.

"ఇంటర్వెల్ ఎక్కడికీ పోదమ్మా. ఎవరి సీట్లో వాళ్లు కూర్చోండి."

ఆదివారం డాబా మీద దుప్పట్లు ఆరేస్తూ వదిన తన గోడు ఆడపడుచుతో చెప్పుకుంది. ఆడపడుచు బడిలో ఇంగ్లీషు చెబుతుంది.

"ఇంటర్వెల్ అంటే అసలేంటో తెలుసా వదినా? లాటిన్ నుంచి వచ్చిన మాట. కోటగోడల మధ్య ఖాళీ జాగా అని. టైము అనే అర్థం ఆ తర్వాత వచ్చి చేరింది."

"అంటే మా సందే."

"అచ్చంగా మీ సందే."

"మరి సందు మూసి ఇంటర్వెల్ ఇస్తానంటాడేం? కంచం లాక్కుని అన్నం వడ్డించినట్టు."

మర్నాటికి సందు నిండా పెట్టెలే. బెల్లు మోగింది. వదిన ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, తనూ బల్ల పక్కనే నిలబడింది.

"కూర్చోవేంటమ్మా?" అన్నాడు సూపర్‌వైజర్.

"ఏ సీట్లో బాబూ?"

అతను చుట్టూ చూశాడు. ఇస్త్రీబల్లల దగ్గర ఒక్క స్టూలూ లేదు. ఇన్నేళ్లూ అటు కన్నెత్తి చూసినవాడే లేడు మరి.

"ఇంటర్వెల్ అంటే ముందు చోటు, ఆ తర్వాతే టైము. మా ఆడపడుచు చెప్పింది."

"ఆవిడేమన్నా లేబరాఫీసరా?"

"ఆడపడుచు బాబూ. అంతకన్నా పెద్ద పోస్టేముంది?"

షెడ్డంతా నవ్వింది. కాజాలు కుట్టే అమ్మాయి లేచి, "నా స్టూలు తీసుకో వదినా" అంది.

"ఇవాళ నీది. రేపో?"

వదిన కూర్చోలేదు. ఆ పిల్లా మళ్లీ కూర్చోలేదు. కాలర్లు కుట్టేవాళ్లు లేచారు. వాళ్ల వెనక వరసలన్నీ లేచాయి. రెండో బెల్లు మోగినా ఒక్క మిషనూ కదల్లేదు. విశ్రాంతి ఇచ్చామని కాగితం మీద రాసుకోవడం యజమానికి తేలికే. అదెక్కడో చూపించమని అందరూ కలిసి అడిగితేనే చెమటలు పడతాయి.

సూపర్‌వైజర్ ఆఫీసు గదిలోకి వెళ్లి, మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"సరే, తీయిస్తా."

"నువ్వు తీయించేదాకా ఆగడమెందుకు, మేమే తీస్తాం" అంటూ ఆడవాళ్లు చేతులు మార్చుకుంటూ పెట్టెలన్నీ బయటికి చేర్చేశారు.

వదిన గోడకు చేరగిలబడి, కాళ్లు ఎదుటి గోడకు ఆనించింది. పిక్కల్లో సలుపు మెల్లగా దిగింది. రేపు స్టూలు సంగతి అడగాలి అనుకుంది.