బ్రేకు లేని వైపు

నాకు కారు నేర్పిన సారుది చిక్కడపల్లి. స్టీరింగ్ పట్టుకొని వణికేవాళ్లను చూస్తే ఆయనకు భలే నవ్వొచ్చేది. ఒకసారి నారాయణగూడలో ఆయన కారును వెనక నుంచి లారీ గుద్దింది. ఒంటికి దెబ్బ తగల్లేదు. కానీ ఆ తర్వాత ఆయన కారెక్కడం మానేశారు. ఎందుకని అడిగితే, "నడిస్తే షుగర్ తగ్గుతదమ్మా" అనేవారు. ఆయనకసలు షుగరే లేదని వాళ్లావిడ చెప్పింది.

ఒక మధ్యాహ్నం బతిమాలి నా పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాను. అశోక్‌నగర్ దాకా, అక్కడ లేని బ్రేకును కుడికాలితో తొక్కుతూనే ఉన్నారు. నేను చూడనట్టే నడిపాను. ఏసీలో కూడా ఆయన చొక్కా తడిసిపోయింది.

"ఎండలు మస్తుగున్నయ్" అంటూ దిగారు. నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి కిటికీ దగ్గర వంగారు.

"రేపు గూడ జర తీస్కపోతవా అమ్మా?"