ఖాళీగా వదిలిన మూడు గళ్ళు

హేమంత్‌కుమార్‌కి నీతి చెప్పకుండా ఒక్క పూట గడవదు. మా మేడ మీద వాటాలో పదకొండేళ్ళుగా అద్దెకుంటున్న మనిషి. మారతహళ్ళిలో అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్న అద్దెదారు దొరికితే సన్మానం చేయాలి, నిజమే. కానీ మెట్ల మీద చెప్పులు విడిస్తే పాఠం, గ్యాసు కట్టేయడం మరిచిపోతే పాఠం, తడి చేత్తో స్విచ్చి వేస్తే రెండు పాఠాలు. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైనదాన్ని, నాకు స్విచ్చి వేయడం నేర్పిస్తాడు!

అతని ఉద్యోగమే అది. జిగణిలో ఇనుప రేకులు కోసి వంచే ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు పనివాళ్ళందర్నీ నిలబెట్టి, నిన్న ఎవరికి దెబ్బ తగిలింది, దాన్నుంచి మనం నేర్చుకోవలసింది ఏమిటి అని చెప్పాలి. ప్రమాదం జరిగితే ఒక ఫారం నింపాలి. అందులో ఐదు గళ్ళుంటాయి. ఐదింటిలోనూ ఒకటే ప్రశ్న: ఎందుకు? వేలు ఎందుకు తెగింది? మిషను ముందు చేతులకు అడ్డంగా ఉండే జాలీ తీసేసి ఉంది. జాలీ ఎందుకు తీశారు? పని తొందరగా అవ్వాలని. తొందర ఎందుకు? అలా ఐదుసార్లు అడిగితే అసలు కారణం బయటికొస్తుందట.

"మొదటి రెండు గళ్ళలో పనోడు దొరుకుతాడక్కా. ఐదో గడికి పోతే మేనేజరు దొరుకుతాడు. అందుకే శానా మంది రెండు గళ్ళకే ఆపేస్తారు," అని ఒకసారి నవ్వుతూ చెప్పాడు.

పోయిన జూలైలో అతని భార్య సుమ పోయింది. పొద్దున ఆరున్నర, రాత్రంతా పడిన వాన అప్పుడే తెరిపిచ్చింది. కూతురు చైత్ర స్కూటర్ నడుపుతోంది, సుమ వెనక కూర్చుంది. రింగ్ రోడ్డు పక్కన నీళ్ళు నిండిన గుంతలో చక్రం పడింది. చైత్రకు మోచేతులు గీరుకుపోయాయి, అంతే. సుమ తల రోడ్డుకి తగిలింది. హేమంత్ ఫ్యాక్టరీ బస్సు ఎక్కే చోటికి ఏదో ఇవ్వడానికి వెళ్తున్నారని మాత్రమే మాకు తెలుసు. ఏమిటో ఎవరమూ అడగలేదు. "ఆ పిల్ల స్పీడుగా పోనిచ్చిందట" అని ఆ రోజు నలుగురితో నేనే అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను తింటోంది.

పదకొండో రోజు కర్మ అయ్యాక హేమంత్ ఏం చేశాడో తెలుసా? భార్య చావుకి ఫారం నింపాడు. ఎవరూ అడగలేదు, ఎవరికీ ఇవ్వక్కర్లేదు. రాయకపోతే తల పగిలిపోయేట్టుందని రాశాడట. రాసినవాడు దాచుకోవచ్చుగా! టేబుల్ మీద పెట్టి స్నానానికి పోయాడు. చైత్ర చదివింది. ఆ రోజునుంచి తండ్రితో ఒక్క మాట లేదు.

పందొమ్మిదేళ్ళ పిల్ల. కాలేజీ మానేసింది. తలుపు మూసుకుని ఉంటుంది. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ ముందు కూడా నోరు విప్పలేదు. ఒంటరిగా వదలకండి, గదికి గొళ్ళెం ఉండనివ్వకండి అందావిడ. హేమంత్ ఆ సాయంత్రమే స్క్రూడ్రైవర్ తీసుకుని గొళ్ళెం విప్పేశాడు. విప్పుతూ ఏడ్చాడు. చైత్ర అట్టముక్క మడిచి తలుపు సందులో దోపుకుంది. దాన్ని నెట్టుకుని లోపలికి వెళ్ళే ధైర్యం తండ్రికి లేకపోయింది. పళ్ళెం మాత్రం నేను పట్టుకెళ్ళేదాన్ని. ఎనిమిది నెలల్లో నాతో ఆ పిల్ల అన్నది ఒకటే మాట. "ఆంటీ, నేను వెనక కూర్చొనుంటే సరిపోయేది కదా?"  వెంటనే హేమంత్‌కి చెబితే వారం రోజులు సెలవు పెట్టి ఆ తలుపు బయటే కూర్చున్నాడు.

గదిలోంచి వినిపించేది ఒకటే, 'శూన్యనావ' అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్. తెలుగులోకి డబ్బింగ్ చేశారు. ఐదు సీజన్లట. అయిపోతే మళ్ళీ మొదటినుంచి. దాని టైటిల్ పాట నా వంటింటి కప్పులోంచి దిగి నాకూ నోటికొచ్చేసింది.

ఒక ఆదివారం పొద్దున హేమంత్ మా గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఫ్యాక్టరీ డైరీ.

"పద్మక్కా, మీ టీవీలో శూన్యనావ వస్తాదా? మా ఇంట్లో చూస్తే దానికి తెలిసిపోతాది. అది ఏం వెతుకుతా ఉండాదో నాకు తెలియాల. అది తెలిస్తే మాట్లాడిస్తా."

రోజూ సాయంత్రం ఏడింటికి వచ్చేవాడు. నేను పప్పు రుబ్బుతూనో, బట్టలు మడతపెడుతూనో చూసేదాన్ని. మూడు వందల మంది భూమిని వదిలి ఒక పెద్ద నౌకలో పోతుంటారు. ఒకచోట గాలి లీకవుతుంది. అక్కడి తలుపు మూసేస్తారు. పదకొండు మంది అవతల ఉండిపోతారు. మూసింది ఒక ఇంజినీరు అమ్మాయి, ఆ పదకొండు మందిలో ఆమె తల్లి కూడా ఉంది. మొదటి సీజనంతా ఆ అమ్మాయిని విచారించడమే.

సీజన్ అయిపోగానే హేమంత్ ఒక చీటీ మీద రాశాడు: 'నీతి: ముఖ్యమైన తలుపు మూసే పని ఒక్కరికే అప్పగించరాదు. ఇద్దరు తనిఖీ చేయాలి.' రాసేది కన్నడంలో, మాట్లాడేది తెలుగులో, ఆ ఇంటి పద్ధతి అది.

"ఇదేం నీతయ్యా, ఫ్యాక్టరీ నోటీసులా ఉంది," అన్నాను.

"దాని తప్పు కాదు అని చెప్తా ఉండానక్కా. అర్థం చేసుకుంటాది."

తలుపు కిందినుంచి చీటీ లోపలికి తోశాడు. పొద్దున లేచేసరికి చీటీ బయట ఉంది. కింద పెన్సిల్‌తో ఒకే మాట: 'ఎందుకు?'

హేమంత్ ముఖం చూడాలి ఆ రోజు! ఏడు నెలల తర్వాత కూతురు అతన్ని అడిగిన మొదటి మాట. ఆ చీటీ జేబులో పెట్టుకుని ఫ్యాక్టరీకి పోయాడు. నేను కూడా సంబరపడి పాయసం చేశాను, అబద్ధమెందుకు.

రెండో సీజన్‌లో కాలంలో వెనక్కి వెళ్ళే దారి దొరుకుతుంది. కెప్టెనమ్మ మూడుసార్లు వెనక్కి వెళ్తుంది. ప్రతిసారీ ఆ పదకొండు మంది బతుకుతారు, ఇంకెవరో పోతారు. 'నీతి: జరిగినదాన్ని మార్చలేము. ముందుకు సాగాలి.' ఆ చీటీ కూడా వెనక్కి వచ్చింది. 'ఎందుకు?' మూడో సీజన్‌లో మనుషులు తగాదాలు పడలేక తీర్పు చెప్పే పని యంత్రానికి ఒప్పజెప్తారు. ఆ అమ్మాయిది డెబ్బై ఒక్క శాతం తప్పని అది లెక్క తేలుస్తుంది. హేమంత్ కుర్చీలోంచి లేచిపోయాడు. "మనిషి తప్పుకి శాతమేమిటక్కా, సుమ్మనె, ఊరికే నోటికొచ్చింది చెప్పేదా!" అని టీవీ మీద కేకలు. నువ్వు నింపిన ఫారంలో శాతాలు లేవు గాని మిగతా తీర్పంతా ఉందిగా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. మూడో చీటీకీ అదే జవాబు.

"ఏం రాసినా ఎందుకు అంటాది. ఏం ఎందుకు? సీరియల్లో అర్థం కానిదేమి ఉండాది?" అంటూ డైరీ తిప్పేవాడు. అతనికి జుట్టు ఆ నెలలోనే తెల్లబడింది. చైత్ర పళ్ళెం సగం కూడా ఖాళీ అయ్యేది కాదు. పుల్లల్లా అయిన మణికట్లు చూస్తే భయమేసేది. ఆసుపత్రిలో చేర్చుకుందామని డాక్టరమ్మ అంది. "మా నాయన మాట్లాడేదాకా ఏ మందూ మింగను" అని ఆ పిల్ల కాగితం మీద రాసిచ్చిందట. మాట్లాడకుండా కూర్చుంది తనే అయితే మాట్లాడాల్సింది తండ్రి ఎలా అవుతాడు? డాక్టరమ్మకీ అర్థం కాలేదు, మాకూ కాలేదు.

నాలుగో సీజన్ మేము చూడకుండా ఉండాల్సింది. పోయినవాళ్ళ గొంతులు రేడియోలో వినిపిస్తాయి. ఆ అమ్మాయి రోజూ తల్లితో మాట్లాడుతుంది, తిన్నావా, పడుకున్నావా అని. చివరికి అది తల్లి కాదు, నౌకే ఆ గొంతు పెట్టి మాట్లాడుతోందని తెలుస్తుంది. హేమంత్ తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. నేను టీవీ కట్టేశాను. తర్వాత చీటీ తీసి రాశాడు: 'నీతి: పోయినవారిని పోనివ్వాలి.' ఈసారి 'ఎందుకు?' అన్న మాట కాగితం చిరిగేలా నొక్కి రాసి ఉంది.

ఇక మిగిలింది ఐదో సీజన్. తలుపు అసలు అంత తొందరగా ఎందుకు మూయాల్సి వచ్చిందో అందులో తేలుతుందని నాలుగో దాని చివర్లో ఊరించారు. హేమంత్ దాని మీదే ప్రాణాలు పెట్టుకున్నాడు. దీంట్లో దొరుకుతాదక్కా, దీంట్లో ఉండాది, అంటూ గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. నాలుగు ఎపిసోడ్లు నడిచాయి. ఐదోది లేదు. వెతికాము. ఆ సీరియల్‌ని చూసేవాళ్ళు తగ్గారని మధ్యలోనే ఆపేశారట. తలుపు అలాగే మూసి ఉంది, పదకొండు మందీ అలాగే అవతల ఉన్నారు.

హేమంత్ డైరీ మూసేశాడు. "నీతి లేదక్కా," అన్నాడు. "ఇప్పుడు ఏం రాసేది? నా బిడ్డ పోతాది. నా కళ్ళ ముందే పోతా ఉండాది, నాకు రాసేదానికి ఏమీ లేదు."

నాకు ఏడుపు రావాలి, కోపం వచ్చింది. "సీరియల్ సంగతి తగలెట్టు. సుమ ఫారం ఎక్కడుంది? తీసుకురా," అన్నాను.

"అదెందుకక్కా ఇప్పుడు?"

"తీసుకురా అన్నానా!"

తెచ్చాడు. ఎనిమిది నెలలుగా దాని సంగతి వినడమే గాని నేను చూసింది లేదు. చక్కటి చేతిరాత. మొదటి గడి: స్కూటర్ ఎందుకు జారింది? నీళ్ళు నిండిన గుంత కనబడలేదు. రెండో గడి: ఎందుకు కనబడలేదు? నడిపినవారు వేగంగా వెళ్తున్నారు. అక్కడితో సరి. కింద మూడు గళ్ళు ఖాళీ.

అప్పటికి గాని నాకు తట్టలేదు. ఆ పిల్ల అడిగేది సీరియల్ గురించి కాదు. తండ్రి ఫారమే తండ్రికి తిప్పి ఇస్తోంది, ఆపిన చోటునుంచి.

"మిగతా మూడూ ఎందుకు వదిలేశావు హేమంత్?"

 మొదటి సీజన్‌లో ఆ ఇంజినీరు అమ్మాయి ఒక మాట పదే పదే అంటుంది, "నాకు ఆర్డర్ వచ్చింది" అని. ఎవరూ పట్టించుకోరు. మేమూ పట్టించుకోలేదు. చైత్ర మళ్ళీ మళ్ళీ వింటున్నది దాన్నేనని ఇప్పుడు అనిపిస్తుంది.

"ఆ పొద్దున నేను ఐడీ కార్డు మరిచిపోయినా అక్కా," అన్నాడు హేమంత్. నేల చూస్తూ చెప్పాడు. "బస్సు వచ్చే టైము. ఫోను చేసినా, కార్డు తీసుకుని రాండి అని. మళ్ళీ చేసినా, ఇంకా బయల్దేరలేదా అని. మూడోసారి సుమ ఎత్తి 'వస్తా ఉండాము' అనింది. వెనక బండి శబ్దం వినబడింది. తొందరగా పోనియ్యమను దాన్ని అని అరిచినా."

"కార్డు లేకపోతే లోపలికి రానివ్వరా?"

"రానిస్తారు. గేటు దగ్గర బోర్డు మీద పేరు రాస్తారు, మరిచిపోయినోళ్ళ పేర్లు. ఆ బోర్డు పెట్టించింది నేనే."

అంతే కారణం. బోర్డు మీద పేరు. నాకు అతన్ని కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనిపించింది. రెండూ చేయలేదు. నా పెన్ను తీసి అతని చేతిలో పెట్టాను.

మేడ మీద చైత్ర తలుపు ముందు నేల మీద కూర్చుని రాశాడు. నేను మెట్ల మీద నిలబడ్డాను. మూడు: వేగం ఎందుకు? తొందరపెట్టారు. నాలుగు: ఎవరు, ఎందుకు? తండ్రి మూడుసార్లు ఫోన్ చేశాడు, కార్డు కోసం. ఐదు దగ్గర పెన్ను ఆగింది, మళ్ళీ సాగింది: రోజూ అందరికీ నీతులు చెప్పే మనిషి తన పేరు బోర్డు మీద చూడలేక. కింద సంతకం పెట్టాడు. తలుపు కిందినుంచి తోశాడు.

ఎంతసేపైందో తెలియదు. కింద నా కుక్కరు కూసి కూసి ఊరుకుంది. అట్టముక్క కింద పడింది. తలుపు తెరుచుకుంది.

చైత్ర ఒక చేతిలో ఫారం. రెండో చేతిలో సుమ ఫోను, అద్దం పగిలి, ఇన్నాళ్ళూ చార్జింగ్ పెట్టుకుంటూ దాచిన ఫోను.

"మూడు కాదు," అంది. గొంతు బొంగురుపోయి ఉంది. "నాలుగు. నాలుగోది నేను రోడ్డు మీద కూర్చొనుంటే వచ్చింది. అమ్మ చేతిలో మోగతానే ఉండాది. నేను ఎత్తలా. ఎత్తి ఏం చెప్పాల?"



"ఆ నాలుగో ఫోను ఎందుకు చేసినావు నాయనా?" అని తనే అడిగింది.

"బస్సు పోయింది," అన్నాడు. "ఇంక తొందర లేదు, మెల్లగా రాండి అని చెప్దామని."

చైత్ర అక్కడే గడప మీద కూలబడింది. అతను ఫారం తీసుకుని నేల మీద పరిచాడు. 'మూడుసార్లు' కొట్టేసి పైన 'నాలుగు' అని రాయబోయాడు. నున్నటి నేల మీద కాగితం జరిగిపోతోంది. అది కదలకుండా ఇవతలి అంచుని చైత్ర వేలితో నొక్కి పట్టుకుంది.