సైగాన్ జ్వరం తగ్గిన రోజు

సైగాన్‌లో రోడ్డు దాటడానికి ఒక పద్ధతుంది. వందల బైకులు మీదికొస్తున్నా ఆగకూడదు, పరిగెత్తకూడదు. ఒకే నడకలో వెళ్తుంటే అవే తప్పుకుంటాయి. వియత్నాం ట్రిప్ ఆఖరి రోజున, పెద్ద మార్కెట్ ఎదుట, నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను. కళ్ళ వెనక ఎవరో వేళ్ళు పెట్టి నొక్కుతున్నంత నొప్పి. చుట్టూ హారన్లే హారన్లు. ఎండ దెబ్బేమో అనుకున్నాను. ఒకచోట ఆగడం నాకు పుట్టుకతోనే రాదు. వీపున బ్యాక్‌ప్యాక్‌తోనే మ్యూజియం చూశాను, పాత పోస్టాఫీసు చూశాను, పేవ్‌మెంట్ మీద పొట్టి ప్లాస్టిక్ స్టూలేసుకుని ఐస్ కాఫీ కూడా తాగాను. వణుకుతూనే ఫ్లైట్ ఎక్కాను.

అమెరికాలో, రెడ్‌మండ్‌లో నా రూమ్మేట్ హరిత. వరంగల్ పిల్ల, నాలాగే సాఫ్ట్‌వేర్. ఎయిర్‌పోర్టులో నా నుదురు ముట్టుకుని, "ఓయమ్మో, కాలిపోతున్నవ్ కదనే!" అంటూ తిన్నగా అర్జెంట్ కేర్ క్లినిక్‌కి డ్రైవ్ చేసింది.

వియత్నాం అనగానే డాక్టర్ డెంగీ టెస్టుకి రక్తం తీయించాడు. "ఓన్లీ ఎసిటమినోఫెన్. నో ఐబుప్రొఫెన్. రోజూ సీబీసీ బ్లడ్ టెస్టు చేయించుకోవాలి," అన్నాడు. ఎసిటమినోఫెన్ అంటే మన పారాసిటమాలే. టెస్టు పాజిటివ్ వచ్చింది. ఒళ్ళంతా ఒకటే నొప్పులు, దుప్పటి తగిలినా ఏడుపొచ్చేది. ప్లేట్‌లెట్లు తగ్గుతున్నాయి, కానీ ఇంటి దగ్గరే ఉండొచ్చన్నారు. రోజూ వెళ్ళి సూది పొడిపించుకుని వచ్చేవాళ్ళం.

ఒక పొద్దున జ్వరం పోయింది. హరిత సంబరం చూడాలి! మా ఇళ్ళలో జ్వరం తగ్గిందంటే పథ్యం పెట్టాల్సిందే. ఇండియన్ స్టోర్‌కి పరిగెత్తి బీరకాయలు తెచ్చింది. మెత్తటి అన్నం, మిరియాల చారు, బీరకాయ కూర. పథ్యం తిన్నామంటే జబ్బు వదిలినట్టే మా లెక్క. "జ్వరమే లేదు, ఇంకా సూదులెందుకే?" అన్నాను. "అవు, నిజమే," అంది హరిత. ఆ రోజు సీబీసీకి వెళ్ళలేదు.

తిన్నాక కడుపులో నొప్పి మొదలైంది. చాన్నాళ్ళకి తిన్నాను కదా, అందుకే అనుకున్నాను. కాసేపటికి కుదురుగా ఉండలేకపోయాను. సోఫా మీంచి మంచానికి, మంచం మీంచి బాల్కనీకి. బ్యాక్‌ప్యాక్ విప్పి బట్టలన్నీ తీశాను, మళ్ళీ సర్దాను, మళ్ళీ విప్పాను. లోపల ఏదో తరుముతోంది, ఎక్కడికో తెలీదు.

"చూడు, బాగైనవ్! కాళ్లకు మల్ల చక్రాలొచ్చినయ్," అని హరిత నవ్వింది. నేనూ నవ్వాను. నేనెప్పుడూ అంతే కదా మరి.

సాయంత్రానికి వాంతులు. నోరు కడుక్కుంటే చిగుళ్ళ నుంచి రక్తం. హరిత చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా నన్ను హాస్పిటల్ ఎమర్జెన్సీకి తీసుకెళ్ళింది.

అక్కడా నేను బెడ్ మీంచి దిగిపోతూనే ఉన్నాను. నర్సు హరితని అడిగింది, "ఈజ్ షీ యూజువల్లీ దిస్ రెస్ట్‌లెస్?"

"ఆల్వేస్," అంది హరిత నవ్వబోతూ.

నర్సు నా చెయ్యి పట్టుకుంది. "అండ్ దిస్ కోల్డ్?"

హరిత నా రెండో చెయ్యి పట్టుకుని చూసింది. ఐసులా ఉంది.

"డెంగీలో జ్వరం పోయాకే డేంజర్ మొదలవుతుంది," అన్నాడు డాక్టర్. ప్లాస్మా రక్తనాళాల్లోంచి లీక్ అవుతోందట, బీపీ పడిపోతోందట. కుదురు లేకపోవడం కూడా వార్నింగ్ సైనేనట. నా స్వభావం అనుకుని మేమిద్దరం నవ్వుకున్నది షాక్‌కి మొదలు. ఐసీయూకి తోసుకెళ్తుంటే, చచ్చిపోతానేమోనని జీవితంలో మొదటిసారి భయపడ్డాను.

ఐవీ ఫ్లూయిడ్స్‌తో బీపీ నిలబడింది. హమ్మయ్య అనుకునేలోపే ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరి ఊపిరాడలేదు. ఫ్లూయిడ్స్ తగ్గించి ఆక్సిజన్ పెట్టారు. హరిత నా మంచం పక్కన కూర్చుని ఏడ్చేసింది. "నీ ముంగటనే ఉన్న కదనే, నాకు తెల్వలే." ఆ మాటకి నాకూ ఏడుపాగలేదు. తనకేం తెలుస్తుంది, నాకే తెలియనిది! తర్వాత ప్లేట్‌లెట్లు పెరిగాయి, నీరు తగ్గింది, ఇంటికి పంపారు.

ఇప్పుడు బాగున్నాను. జుట్టు బాగా ఊడింది, మెట్లెక్కితే ఇంకా ఆయాసమే. మీకు చెప్పేదొక్కటే. దోమల ఊళ్ళు తిరిగొచ్చి జ్వరం పడితే, అది తగ్గిన రోజున పథ్యం తర్వాత పెట్టుకోవచ్చు, ముందు సీబీసీకి వెళ్ళండి.

నిన్న హనోయ్ టికెట్లు చూస్తూ హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. హరిత లాప్‌టాప్ పక్కన పెట్టి, వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అరచేయి, వేళ్ళు, అన్నీ ముట్టి చూసింది.

"వెచ్చగనే ఉన్నయ్," అంది. "ఇగ తిరుగు పో."