బాతక్క ఏం చేసింది?

ఈత కొలను దగ్గర పిల్లలంతా ఆమెను బాతక్క అనేవారు. నీళ్లలోనే బాతును, గట్టెక్కితే పులిని అని ఆమె బెదిరించేది గానీ ఆ పులిని చూసి భయపడ్డ పిల్లలెవరూ లేరు. నీళ్లంటే వణికే పిల్లలకు ఈత నేర్పడం ఆమె ఉద్యోగం. ఉద్యోగమేమిటి, ఆమె ప్రాణమే అది.

అలాంటి మనిషిని కొలనుకు రావద్దన్నారు. తమ్ముడితో వేగలేక పుట్టింటికి వెళ్లిపోయిన మరదలు వేధింపుల కేసు పెట్టింది. మొగుడితోపాటు అత్తగారినీ ఆడబిడ్డనీ కూడా అందులో కలిపేసింది. ఆ అత్తగారు ఉండేది కూతురు బాతక్క దగ్గరే. తమ్ముడింటికి ఇద్దరూ చుట్టపుచూపుగా వెళ్లినవాళ్లే. అయినా కేసు కేసే కదా. పిల్లలతో పని కాబట్టి అది తేలేదాకా ఆగమని, వేసవిలోగా తేలకపోతే వేరే మనిషిని చూసుకుంటామని మేనేజరు మొహమాటపడుతూనే చెప్పాడు.

తల్లి మంచం పట్టినంత పని చేసింది. తప్పయిపోయిందని సంతకం పెట్టేస్తే పేర్లు తీసేస్తారని చుట్టాలు తలో సలహా పడేశారు. బాతక్కకు ఒళ్లు మండిపోయింది. చేయని తప్పుకు చెంపలేసుకోవడం ఆమె వల్ల కాదు.

లాయరమ్మ దగ్గరికి పెద్ద సంచీ మోసుకెళ్లింది. దాన్నిండా పతకాలు, పిల్లల తల్లిదండ్రులు రాసిచ్చిన మెచ్చుకోళ్లు. వాటితో సరిపెట్టుకోకుండా మరదలి నోటి దురుసు గురించి ఏకరువు పెట్టింది. లాయరమ్మ ఆ సంచీ మూతైనా విప్పనివ్వలేదు.

"మీరు మంచివాళ్లని మనం చెప్పక్కర్లేదమ్మా. మీరేం చేశారో వాళ్లు చెప్పాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశారు? ఛార్జిషీటులో ఆ ముక్క ఎక్కడైనా ఉందా?"

వెతికితే లేదు. అత్తింటివాళ్లంతా కలిసి వేధించారు అన్న ఒక్క వాక్యంతో తల్లినీ కూతురినీ ముద్దాయిల్ని చేసేశారు. ఇలాంటి గాలి మాటల మీద కేసు నడిస్తే ఏళ్ల తరబడి కింది కోర్టు చుట్టూ తిరగక్కర్లేదని, తమవరకు కొట్టేయమని పైకోర్టునే అడగొచ్చని లాయరమ్మ విడమరిచి చెప్పింది. పిటిషన్‌లో మరదలి మీద ఒక్క చెడ్డమాటా ఉండకూడదంది. బాతక్కకు అది మింగుడుపడలేదు, అయినా సరేనంది.

పైకోర్టులో జడ్జిగారు అవతలి లాయరును ఒక్కటే అడిగారు, ఈ ఆడబిడ్డ ఏం చేసిందని. అత్తింటివాళ్లంతా కలిసి అని ఆయన మొదలుపెట్టాడు. జడ్జిగారు మళ్లీ అదే అడిగారు. ఆయన కాగితాలన్నీ తిరగేసి మళ్లీ ఆ ఒక్క వాక్యమే చదివాడు. తల్లీకూతుళ్ల మీద కేసు కొట్టేశారు. తమ్ముడి మీద మాత్రం వివరాలున్నాయి కనుక విచారణ జరగాల్సిందేనన్నారు.

బాతక్క కోర్టు మెట్ల మీదే కూలబడి హాయిగా, సిగ్గు లేకుండా ఏడ్చింది. మర్నాడు ఆమె కొలను గేటు దాటగానే పిల్లలు ఈలలు వేసి, చేతికందినన్ని నీళ్లు చల్లారు. ఇస్త్రీ చొక్కాతో ఎదురొచ్చిన మేనేజరూ తడిసి ముద్దయ్యాడు. అంత సంతోషం బాతక్క ఎన్నడూ ఎరగదు.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. అక్క గెలిస్తే తనూ గెలిచినట్టేనని అతని ధీమా. పెళ్లాం రాసినవన్నీ అబద్ధాలని కోర్టే తేల్చింది కదా, అదే మాట వచ్చి సాక్ష్యం చెప్పమన్నాడు. వాణ్ని చంకనేసుకుని పెంచింది ఆమే. కాదనడం తేలిక కాలేదు.

"అబద్ధమని ఎవరూ తేల్చలేదురా. నేనేం చేశానో రాయలేకపోయింది, నేనేం చేయలేదు కాబట్టి. నీ దగ్గరికొచ్చేసరికి తారీకుతో సహా రాసింది. ఆ రోజు దాని చెయ్యి ఎలా విరిగిందో ముందు నాకు చెప్పు."

తమ్ముడు తల్లి వైపు తిరిగాడు. తల్లి కూడా అతని జవాబు కోసమే చూస్తోంది.