రాయి చెక్కినవాళ్ల పేర్లు

మా వీధి చివర రోడ్డు వెడల్పు చేయడానికి కొండను తొలుస్తున్నారు. తడిసిన రాతిపొడి వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. నారాయణ అంకుల్ గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

ఆయన ఫిజీలో పుట్టిన తెలుగాయన. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో హైస్కూలు పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయ్యారు. నేను అక్కడికి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో ఆయన ఇంట్లోనే ఒక గదిలో అద్దెకు ఉండేదాన్ని. మధ్యయుగాల్లో ఆర్మేనియాలో కొండను తొలిచి చేసిన ఒక క్రైస్తవ మఠం గురించి ఆయన పుస్తకం రాస్తున్నారు. చూపు మందగించడంతో ఆయన చేతిరాతను నేను టైప్ చేసి పెట్టేదాన్ని. పైన చిన్న కన్నం పెట్టి, అక్కణ్ణుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చి, చర్చి మొత్తాన్ని రాతిలోంచే తీశారట.

"మీరు హిందువులు కదా అంకుల్, ఈ మఠం మీద ఇంత ఇష్టమెందుకు?" అని ఒకసారి అడిగాను.

"చెక్కినోళ్లు గోడల మీద పేర్లు రాసుకున్నారమ్మా. మా తాతని కూలిపనికి ఫిజీ తెచ్చిన ఓడ కాగితాల్లో ఆయన పేరు తప్పు రాసేరు. అసలు పేరేటో మాకు తెలీనే తెలీదు," అన్నారు.

చూపు బాగున్న రోజుల్లో నాలుగుసార్లు అక్కడికి వెళ్లి, టార్చి వెలుగులో ఆ పేర్లన్నీ నోటుబుక్కులోకి ఎక్కించుకున్నారు. అచ్చుకు పంపే ముందు వాటిని ఒక్కొక్కటీ సరిచూడమని నాకు అప్పగించారు. ఆ మధ్యాహ్నం బీచ్‌కి వెళ్దామని స్నేహితులు కారు తెచ్చి గుమ్మంలో ఆపారు. ఎప్పుడో పోయిన రాతిపనివాళ్ల పేర్లు ఎవరు చదువుతారులే అనుకుని, సరిచూడకుండానే కారెక్కాను.

"అన్నీ చూశావామ్మా?"

"చూశాను అంకుల్."

పుస్తకం వచ్చిన కొన్నాళ్లకు ఆ మఠం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. చదివి వినిపించాల్సింది నేనే. పుస్తకం చాలా బాగుందని, ఉత్తరపు గోడ మీది పేర్లు మాత్రం ఒక్కటీ లేవని ఎంతో మర్యాదగా రాశారు. నోటుబుక్కు తీసి చూస్తే రెండు కాగితాలు అతుక్కుని ఉన్నాయి, ఆ పేర్లు వాటి మధ్యే ఉండిపోయాయి.

అంకుల్ ఆ కాగితాలను వేలితో తడిమి చూశారు. నన్నేమీ అడగలేదు. తర్వాత జవాబు రాసుకోమన్నారు. "తప్పు నాదే. నా చూపు సరిగా లేక ఒక పేజీ వదిలేశాను."

తప్పు నాదని చెప్పడానికి నోరు తెరవలేదు. ఆ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా టైప్ చేశాను. రెండో ముద్రణ రాకుండానే, మరుసటి చలికాలం ఆయన పోయారు.

ఇప్పుడు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తున్నాను. ప్రతి సీసా మీది పేరునూ పైకి చదివి, కాగితంతో రెండుసార్లు సరిచూసుకుంటాను. కొత్తగా చేరినవాళ్లకు నన్ను చూపించి, ఎంత జాగ్రత్త మనిషో చూడండని చెబుతుంటారు. అది జాగ్రత్త కాదని చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.