స్కడ్‌లు పడ్డ ఏడాది అన్న పంపిన క్యాసెట్టు

మొన్న సాయంత్రం మా వదిన ఇంట్లో కూర్చొని చాయ్ తాగుతుంటే దోహా నుంచి ఆమె కొడుకు వీడియో కాల్ చేశాడు. ముఖం చూపించకుండా ఫోనును నేరుగా ఆకాశం వైపు తిప్పాడు. పెద్ద పెద్ద మేడల పైన నిప్పురవ్వలు ఒకదాని వెనుక ఒకటి ఎగిరి, ఎక్కడో పైన దేన్నో తాకి, ఒక్క క్షణం తెల్లగా మెరిసి ఆరిపోతున్నాయి. ఆ పిల్లవాడు భయం లేకుండా, దీపావళికి చిచ్చుబుడ్లు చూపించినట్టే, "సూడు చిన్నాయినా, వచ్చే మిసైళ్లను పైన్నే పేల్చేస్తున్నయ్" అని సంబరపడుతున్నాడు. వదిన నా చేతిలోంచి ఫోను తీసుకొని, ఇంకేమీ అడగకుండా, "మరి గా ముక్కలు ఏడ వడ్తున్నయ్ రా?" అంది. ఆ ప్రశ్న వదినది కాదు, మా అమ్మది. ముప్పై చిల్లర ఏళ్ల కింద అమ్మ నన్ను అడిగిన ప్రశ్న అది. ఇన్నేళ్లూ వదిన మనసులో దాచుకొని ఉంచిందన్న సంగతి నాకు ఆ నిమిషం దాకా తెలియదు.

నా ఈడు వాళ్లకు, అందులోనూ ఇంటికొక మనిషిని ఎడారికి పంపిన ఆర్మూరు వాళ్లకు, నేను ఏ ఏడాది గురించి మాట్లాడుతున్నానో వేరే చెప్పనక్కర్లేదు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. పసుపు మార్కెట్టుకు పోయే దారిలో నాకొక రేడియో, టేపు రికార్డర్ల రిపేరు దుకాణం ఉండేది. దుకాణం అంటే పెద్దగా ఊహించుకోకండి, ఒక బల్ల, ఒక సోల్డరింగు కడ్డీ, ఒక స్టూలు, అంతే. సంక్రాంతి దాటిందంటే పసుపు బండ్లు వరుసకట్టేవి, గాలి నిండా పసుపు దుమ్మే. స్పిరిటులో ముంచిన దూదితో ఏ టేపు రికార్డరు హెడ్డు తుడిచినా ఆ దూది పచ్చగా వచ్చేది. హైదరాబాదు మెకానిక్కులకు ఈ రోగం తెలియదని నేను గర్వంగా చెప్పుకునేవాణ్ని.

ఆ రోజుల్లో గల్ఫు ఇళ్లకు ఉత్తరాల కన్నా క్యాసెట్లు ఎక్కువ వచ్చేవి. మా అన్న రియాద్‌లో సెంట్రింగు పని చేసేవాడు, అతనికి చదవడం, రాయడం రాదు. అందుకని అతను బయలుదేరే ముందే రెండు డజన్ల కవర్ల మీద మా ఇంటి చిరునామా నేనే ఇంగ్లీషులో రాసి ఇచ్చాను. అన్న మాట్లాడి, క్యాసెట్టును కవరులో పెట్టి, దేశానికి వచ్చే ఎవరో ఒకరి చేతికిచ్చేవాడు. వాళ్లు బొంబాయిలో దిగి పోస్టులో వేసేవాళ్లు. ఒకే క్యాసెట్టు ఏడాదంతా అటూ ఇటూ తిరిగేది. మొదటి పక్క అన్నది, రెండో పక్క మాది. అన్న పంపిన మాటలు విన్నాక, క్యాసెట్టు తిప్పి, పాత మాటల మీదే మా కొత్త మాటలు నింపి పంపేవాళ్లం. మా రెండో పక్కను మేమెన్నడూ వినేవాళ్లం కాదు, మన మాటలు మనమేం వింటాం అనుకునేవాళ్లం. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి.

అన్న మాటల పొదుపరి. ప్రతి క్యాసెట్టులోనూ ఒకటే పాఠం: అందరు మంచిగున్నరా, నేను మంచిగున్న, పసుపు ఎట్లున్నది, బర్రె ఈనిందా. ఆ తర్వాత చాలాసేపు కూలరు చప్పుడు, నడుమ రూములో వాళ్ల దగ్గులు. పెళ్లయిన ఏడాదికే అక్కడికి పోయినవాడు, పుట్టిన కొడుకును కళ్లతో చూడనివాడు, అయినా వదినతో నేరుగా ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. "ఇంట్ల అందర్ని అడిగిన అని చెప్పు" అనేవాడు, ఆ అందరిలోనే ఆమె కూడా అన్నమాట. వదిన మాత్రం ప్రతిసారీ ఒడిలో బీడీల చాట పెట్టుకొని, తలుపు పక్కన కూర్చొని, చేతిలో ఆకు చుట్టడం ఆపేసి, టేపు చివరి దాకా వినేది. అది టక్కుమని ఆగాక మళ్లీ ఆకు చుట్టడం మొదలుపెట్టేది. నేను చూసీ చూడనట్టు ఉండేవాణ్ని.

తొంభై ఒకటి జనవరిలో ఇరాక్ మీద అమెరికా యుద్ధం మొదలైంది. సిగ్గు విడిచి చెప్తున్నాను, మొదటి వారం నాకు పండుగలాగే ఉండింది. ఊళ్లో షార్ట్‌వేవు బాగా పట్టే రేడియో నా దగ్గరే ఉండేది. బస్తాలు దింపుకొని వేలం కోసం ఎదురుచూసే రైతులంతా నా దుకాణం ముందు చేరేవాళ్లు. గోడకు అంతకు ముందే పేపర్లోంచి కత్తిరించిన మన అగ్ని క్షిపణి బొమ్మ అంటించి ఉంది. దాని కింద నిలబడి నేను పెద్ద పండితుడిలా ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ని. ఇరాక్ వాళ్ల స్కడ్ అంటే వడిసెలతో విసిరిన రాయి లాంటిది, ఇంజను కాసేపే మండుతుంది, ఆ తర్వాత ఆకాశం అంచు దాకా పోయి తన బరువుతో తానే పడుతుంది. అమెరికా వాళ్ల పేట్రియాట్ అంటే ఆ వచ్చే రాయిని రాడారుతో చూసి, లెక్క కట్టి, ఇంకో రాయితో నడిమధ్యలో కొట్టడం. నందిపేట్ నుంచి వచ్చిన ఒక రైతు, జొన్న చేలో పిట్టను కొట్టడానికే తన చెయ్యి సరిగ్గా పోదని, రాయిని రాయితో కొట్టే మొనగాడెవడని నవ్వాడు. నేను బల్ల మీద సుద్దముక్కతో గీతలు గీసి మరీ ఒప్పించాను. రియాద్‌కు ఈ పేట్రియాట్‌లు కాపలా ఉన్నాయని, అన్న మీద ఈగ కూడా వాలదని ఇంట్లో కూడా అదే పాట పాడాను.

అమ్మ అన్నం వడ్డిస్తూ అంతా విని, గరిటె అట్లాగే పట్టుకొని, "పైన్నే పేల్చిరి, మంచిదే. మరి గా ముక్కలు ఏడ వడ్తయ్ రా? కింద మీ అన్న లేడా?" అంది. ఏ రేడియో ఆ ముక్క చెప్పలేదు. బడి ముఖం చూడని మనిషికి తట్టిన ప్రశ్న నా వంటి పండితుడికి తట్టనే లేదు. ఆ మరుసటి వారమే రియాద్ మీద స్కడ్‌లు పడుతున్నాయని, పైన పేల్చిన వాటి ముక్కలు ఊరి మీదే రాలుతున్నాయని వార్తల్లో వచ్చింది. ఎస్టీడీ బూతుకు పోయి అన్న కంపెనీ నంబరు తిప్పీ తిప్పీ నా వేళ్లు నొప్పి పుట్టాయే కానీ లైను మాత్రం కలవలేదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం పోస్టుమాను నా దుకాణానికే వచ్చి కవరు ఇచ్చాడు. బొంబాయి ముద్ర, చిరునామా నా చేతిరాత. షట్టరు సగం దించి ఇంటికి పరుగెత్తాను. అమ్మ బీడీల చాట పక్కకు తోసింది, వదిన పిల్లవాణ్ని చంకనేసుకొని తలుపు దగ్గర నిలబడింది. అన్న గొంతు మామూలుగానే మొదలైంది. మంచిగున్న, పసుపు ఎట్లున్నది, ఆ తర్వాత రూములో వాళ్లు కూడా ఒక్కొక్కరు తమ ఇళ్లకు కబురు చెప్పమన్నారు. మొదటి పక్క ఇంకాసేపట్లో అయిపోతుందనగా సైరన్ మోగింది. అట్లాంటి కూత మేమెన్నడూ వినలేదు, పిల్లవాడు ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు. ఎవరో హిందీలో గ్యాసు మాస్కులు, మాస్కులు అని అరిచారు, మంచం జరిగిన చప్పుడు, ఆ వెంటనే నేల అదిరినట్టు దబ్బుమని ఒక మోత. అన్న "అమ్మా" అన్నాడు. టక్కుమని టేపు ఆగిపోయింది.

రీలు అయిపోయి ఆగింది, ఇంకేం కాదు, అని నేనే అన్నాను. నిజానికి అది రీలు అయిపోయిన చప్పుడే, అందులో సందేహం లేదు. కానీ అమ్మ కవరు చేతిలోకి తీసుకొని, "గిది పంపింది వాడేనని ఏం నమ్మకం? కవర్లు నువ్వే రాసిస్తివి గదా. వాని పెట్టెల దొరికితే పక్కోడు పంపిండేమో" అంది. నా చేతిరాతను చూస్తే నాకే భయమేసింది. ఆ రోజు వదిన చుట్టిన బీడీలన్నీ వదులుగా ఊడిపోయాయి, కార్ఖానా వాడు మరునాడు ఛాటు కింద, అంటే పనికిరానివని, తీసిపారేశాడు.

రెండు రోజులు ఇల్లు ఇల్లులా లేదు. మూడో రోజు మధ్యాహ్నం అమ్మ క్యాసెట్టు పట్టుకొని దుకాణానికి వచ్చింది, వెనుకే పిల్లవాణ్ని ఎత్తుకొని వదిన. క్యాసెట్టు వచ్చిన మూడో రోజుకల్లా జవాబు పోవడం మా ఇంటి ఆనవాయితీ. ఇప్పుడెట్లా పంపుతాం అమ్మా, అటు పోయే విమానాలే లేవు కదా అంటే, "జవాబు పంపకపోతే వాడు లేడని మనమే ఒప్పుకున్నట్టు. పెట్టురా మిషిను" అని గద్దించింది. నేను క్యాసెట్టు తిప్పి రెండో పక్క పెట్టి, ఎర్ర మీట నొక్కాను. అమ్మ చాలాసేపు మాట్లాడింది. తిన్నవా బిడ్డా అని అడిగింది, పసుపు ఎండబోసినమని చెప్పింది, నీ కొడుక్కు పాలపండ్లు వచ్చినయని చెప్పింది. వదినను మాట్లాడమంటే మైకు దగ్గరికి వచ్చి, "ఎప్పుడొస్తవ్" అన్న ఒక్క మాటకే ఏడ్చేసింది. నేను మీట ఆపేశాను. అంతా కలిపి పది నిమిషాలు అయిందేమో.

ఎన్నడూ చెయ్యని పని, ఈసారి గొంతు సరిగ్గా ఎక్కిందో లేదో చూద్దామని రీలు వెనక్కి తిప్పి వినిపించాను. అమ్మ మాటలు వచ్చాయి, వదిన ఏడుపు వచ్చింది, నేను మీట ఆపిన చప్పుడు వచ్చింది. చెయ్యి చాచి ఆపబోతుంటే, ఆ చప్పుడు వెనుకే అన్న గొంతు, మాట మధ్యలోంచి: "...గంతే. నా నోట్లకెల్లి గిన్ని మాటలు పెండ్లయినప్పటి సంది ఎన్నడన్న ఇన్నవా? నవ్వకు. సైరన్ బంద్ అయింది. పైన పేలినదాని ముక్క మా రూం ముంగట్నే వడ్డది, రేకు లెక్కున్నది, ఇంకా వేడిగనే ఉన్నది. పానం వోతదేమోనని అన్నీ చెప్పేసిన. ఇగ మల్ల చెప్పుమంటే మాత్రం చెప్ప. ఉంట మరి."

అయ్యో దేవుడా, ఆ క్షణం ఏమని చెప్పను! అమ్మ ఆ రికార్డరును పసిపిల్లను నిమిరినట్టు నిమిరింది. వదిన ఏడుపులోనే నవ్వింది, అన్న నవ్వకు అన్నందుకే నవ్వింది. బతికి ఉన్నాడు! సైరన్ మోగాక, ముక్క పడ్డాక, రీలు అయిపోతే క్యాసెట్టు తిప్పి మా పక్క మీదే మాట్లాడాడు, అదీ వదినతోనే మాట్లాడాడు. నేను ఎగిరి గంతేసే లోపల వదిన కళ్లు తుడుచుకొని నా వైపు తిరిగి, "ముందుగాల ఏమన్నడు తమ్మీ? మొదటికెల్లి పెట్టు" అంది.

ఊళ్లో ఉన్న టేపు రికార్డర్లన్నీ బాగుచేసే నేను, రెండో పక్క ఒక్కసారి వినకుండా దాని మీద పది నిమిషాలు ఎక్కించేశాను. చెరిగిపోయింది వదినా, మళ్లీ రాదు, అని చెప్పాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. పిల్లవాణ్ని ఎత్తుకొని, "పోనీ తియ్యి, మనిషున్నడు గదా" అని ఇంటికి పోయింది. ఆ సాయంత్రం గోడ మీది క్షిపణి బొమ్మ పీకేశాను, మళ్లీ ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు.

ఆ మరుసటి ఏడాది అన్న వచ్చాడు. చిక్కిపోయి, నల్లబడి, ఒక గుడ్డలో చుట్టిన ఆ రేకు ముక్కతో సహా వచ్చాడు. నేను తప్పు ఒప్పుకొని ఏమన్నావో వదినకు మళ్లీ చెప్పు అన్నా అని బతిమాలితే, సిగ్గుతో చెవులు ఎర్రబడి, "మల్ల చెప్ప అని గా క్యాసెట్లనే చెప్పిన గదా" అని తప్పించుకున్నాడు. వదిన కూడా ఒకసారి అడిగిందట, యాదికి లేదన్నాడట. అన్న ఆరేళ్ల కింద గుండెపోటుతో పోయాడు. అప్పటికి ఇరవై పైచిలుకు ఏళ్లు కలిసి కాపురం చేశారు, మంచిగనే చేశారు. కానీ ఆ పది నిమిషాల మాటలు మాత్రం మళ్లీ ఆయన నోట రాలేదు.

మొన్న ఫోనులో ముక్కలెక్కడ పడుతున్నాయని వదిన అడిగినప్పుడు మా పిల్లవాడు నవ్వి, దూరంగా సముద్రంలో పడతాయిలే అమ్మా అన్నాడు. అంతా మంచిగనే ఉన్నదని, తర్వాత చేస్తానని ఫోను పెట్టేశాడు. వదిన లోపలికి పోయి, ఆనాడు పంపకుండా దాచుకున్న ఆ క్యాసెట్టు బీరువాలోంచి తెచ్చి నా ముందు పెట్టింది. "పది నిమిషాలల్ల ఏమేమన్నడో అని ఒక్కో ఏడు ఒక్కోటి అనుకుంటున్న తమ్మీ. గీ ఏడు అనుకున్నదే అన్నిట్ల మంచిగున్నది" అంది. అదేమిటో నేను అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు.

కాలం ఎంత మారిపోయింది! ఆకాశంలో రాయిని రాయితో కొట్టడం ఇప్పుడు మన దేశానికీ వచ్చింది, టీవీలో చూసి పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. సైరన్ మోగిన నిమిషానికే ఇక్కడ ఆర్మూరులో మనిషి ముఖం కనిపిస్తోంది, కవరు కోసం, పోస్టుమాను కోసం చూసే పని లేదు. అయినా మా ఇంటి మగవాళ్లు మాత్రం మారలేదనిపించింది, ఎందుకంటే తల తిప్పి చూస్తే వంటింటి తలుపు దగ్గర వదిన కోడలు, చేతిలో చాయ్ గిన్నె పట్టుకొని, ఫోనులో తనకొక మాట వస్తుందేమోనని అప్పటిదాకా నిలబడే ఉంది. నేను పిల్లవాడికి మళ్లీ ఫోను కలిపాను. ఆకాశం చూసింది చాలు, నీ భార్యతో మాట్లాడు, ఇప్పుడే మాట్లాడు, అని చెప్పి ఫోను ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. తలుపు దగ్గరగా వేసి, వదినను వెంటబెట్టుకొని వాకిట్లోకి వచ్చేశాను. లోపల వాడు ఏమన్నాడో మాకు వినబడలేదు.